ఉపహార్ కేసు: మంట ఎవరిదైనా, మూసిన దారి ఓనరుదే

పోయిన నెల ఒక ఫంక్షన్ హాలుకి వెళ్లాను. పెళ్లికి కాదు, పని మీద. ఓనరు నా క్లయింటు, హాలుని లీజుకి ఇవ్వబోతున్నాడు, కాగితాలు చూడమన్నాడు. కాగితాల కంటే ముందు మెట్లు చూపించమన్నాను. ముందువైపు మెట్లు పాలరాయి, ఇత్తడి రెయిలింగు, చూడముచ్చటగా ఉన్నాయి. వెనక ఇంకో మెట్లదారి ఉండాలి కదా అంటే ఉందన్నాడు, తీసుకెళ్లాడు. దానికి షట్టరు, షట్టరుకి తాళం. వాచ్‌మన్ తన గదికి పోయి, భార్యని అడిగి, పాత టిఫిన్ డబ్బాలోంచి ఒక గుత్తి తెచ్చి ఒక్కో తాళంచెవీ పెట్టి చూస్తుంటే నేను ఫోనులో టైము చూశా. 11 నిమిషాలు పట్టింది. షట్టరు సగం లేచింది కానీ మెట్లు మాత్రం కనిపించలేదు. ఒకదానిలో ఒకటి దూర్చిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, డెకరేషన్ వాళ్ల థర్మాకోల్ స్తంభాలు, వంట దేగిసాలు, పైదాకా అవే.

నా మొహం చూసి ఆయనే అందుకున్నాడు. "ఎన్‌ఓసీ ఉంది వకీల్‌సాబ్, ఇంకేం టెన్షన్? అయినా మంట నేను పెడ్తనా? పెడితే కరెంటోళ్లు పెట్టాలె, లేకుంటే వంటోళ్లు పెట్టాలె. ఇంకో మాట, హాలు నా పేరు మీద లేదు, కంపెనీ పేరు మీద ఉంది. నేను నిరుడే డైరెక్టర్‌గా దిగిపోయిన."

ఎన్‌ఓసీ అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం. ఈ మాటలన్నీ నేను ఇంతకుముందే చదివాను. ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు కేసులో సీనియర్ లాయర్లు ఇంకా మంచి ఇంగ్లీషులో, ఇంకా ఎక్కువ ఫీజుకి, పదిహేడేళ్ల పాటు మూడు కోర్టుల్లో వాదించినవి ఇవే. ఒక్కటీ నిలబడలేదు. బిల్డింగు ఓనర్లు ఎవరొచ్చినా నేను ముందు ఈ కేసు చెప్తాను, అందుకే ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

1997 జూన్ 13, శుక్రవారం. దక్షిణ ఢిల్లీలోని గ్రీన్ పార్క్‌లో మధ్యాహ్నం మూడు గంటల ఆట, కొత్త సినిమా మొదటి రోజు. హాలు కింది అంతస్తులో పార్కింగు, ఆ పార్కింగు పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ గదులు. హాలుకి సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, ఢిల్లీ విద్యుత్ బోర్డు పెట్టిన పెద్దది ఇంకొకటి. బోర్డు ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ పొద్దున ఏడు కాకముందే ఒకసారి మంటలొచ్చాయి. బోర్డు మనుషులు వచ్చి బాగుచేశారు, కానీ కేబుల్ కొసని బిగించడానికి వాడాల్సిన క్రింపింగ్ మెషీన్ లేకుండా సుత్తితో కొట్టి కానిచ్చేశారు. సాయంత్రం ఐదు కావస్తుండగా ఆ కేబుల్ ఊడింది. నిప్పురవ్వలు, ట్రాన్స్‌ఫార్మర్ రెక్కకి చిల్లు, అందులోంచి నూనె కారడం, ఆ నూనె అంటుకోవడం, పక్కన ఆపిన కార్లు అంటుకోవడం, అంతా నిమిషాల్లో అయిపోయింది.

ఇక్కడిదాకా వింటే తప్పంతా విద్యుత్ బోర్డుదే అనిపిస్తుంది. నాకూ మొదటిసారి చదివినప్పుడు అలాగే అనిపించింది.

చనిపోయింది 59 మంది, గాయపడింది 103 మంది. చనిపోయినవాళ్లు ఎక్కడున్నారో చూస్తేనే కేసు అర్థమవుతుంది. కింద హాల్లో ఉన్న వందల మంది బయటపడ్డారు. ప్రాణాలు పోయింది బాల్కనీ వాళ్లకి, అదీ కాలి కాదు, ఊపిరాడక. మంట బాల్కనీ దాకా రానేలేదు, పొగ వచ్చింది. మెట్లదారి పొగగొట్టంలా పనిచేసింది, ఏసీ డక్టుల్లోంచి కూడా లోపలికి వచ్చింది. కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైట్లు లేవు. లేచి వెళ్లిపోండని మైకులో చెప్పినవాళ్లు లేరు. బాల్కనీ తలుపుకి గొళ్ళెం పెట్టి ఉంది, తీయాల్సిన గేట్‌కీపర్ అక్కడ లేడు. చీకట్లో, పొగలో, ఆ జనం తడుముకుంటూ వెళ్లాల్సిన కుడివైపు దారి అసలు లేనేలేదు, ఎందుకంటే అది దాదాపు ఇరవై ఏళ్ల క్రితమే మూతపడింది.

ఆ మూత ఎలా పడిందో కాస్త నెమ్మదిగా చెప్పాలి. ఒక్క రోజులో ఒక్క దుర్మార్గుడు చేసిన పని కాదది. 1973లో హాలు తెరిచినప్పుడు బాల్కనీలో 250 సీట్లు, రెండువైపులా నడిచే దారులు, రెండువైపులా తలుపులు. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, ఢిల్లీ సినిమా హాళ్లకి అదనపు సీట్లు వేసుకోవచ్చని సడలింపు వచ్చింది. ఉపహార్‌కి వంద సీట్లు దక్కాయి, అందులో 43 బాల్కనీలో వేశారు. వాటి కోసం కుడివైపు నడవా పోయింది. 1978లో అదే వైపు ఓనర్ల కుటుంబం కూర్చోవడానికి 8 సీట్ల బాక్సు కట్టుకున్నారు, దాంతో కుడివైపు తలుపే మూసుకుపోయింది. 1979లో ప్రభుత్వం సడలింపు వెనక్కి తీసుకుంది. హాళ్లవాళ్లు హైకోర్టుకి వెళ్లారు, ఏ సీట్లు నిబంధనలకి అడ్డమో చూసి తీయించమని కోర్టు అధికారులకి చెప్పింది. అధికారులు వచ్చి, కొలిచి, 43లో 6 తీయించి 37 ఉంచేశారు. ఇది చాలదన్నట్టు 1980లో ఇంకో 15 సీట్లకి అనుమతి తెచ్చుకున్నారు. 250కి 37, దానికి 15 కలిపితే 302. ఆ శుక్రవారం నాటికి బాల్కనీలో సీట్లు సరిగ్గా 302. ప్రతి మార్పు వెనకా ఏదో ఒక ఆఫీసు కాగితం ఉంది. ఎవరూ రాత్రికి రాత్రి దొంగతనంగా గోడ కట్టలేదు.

ఇంకా ఉంది. 1983లో తనిఖీ చేసి లోపాలు ఉన్నాయని ఢిల్లీలో కొన్ని సినిమా హాళ్ల లైసెన్సులు సస్పెండ్ చేశారు, అందులో ఉపహార్ ఒకటి. మర్నాడే కోర్టు స్టే వచ్చింది. అప్పట్నించి ప్రమాదం జరిగేదాకా ఆ హాలు తాత్కాలిక పర్మిట్ల మీదే నడిచింది. 1989 జూలైలో అదే హాలు ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకసారి మంటలొచ్చాయి కూడా, అప్పుడు ప్రాణాలు పోలేదు. మనవాళ్లు అలాంటప్పుడు గండం గడిచిందంటారు. కోర్టు మాత్రం అది ఓనర్లకి ముందే అందిన హెచ్చరికగా చూసింది.

సీబీఐ 1997 నవంబరులో 16 మంది మీద చార్జిషీటు వేసింది. ఓనర్లు సుశీల్ అన్సల్, గోపాల్ అన్సల్, హాలు మేనేజర్లు, గేట్‌కీపర్, విద్యుత్ బోర్డు మనుషులు, మున్సిపల్ అధికారులు, అగ్నిమాపక శాఖ అధికారి, అందరూ ఉన్నారు. అందులో నలుగురు విచారణ సాగుతుండగానే చనిపోయారు. మిగిలిన 12 మందినీ 2007 నవంబరు 20న ట్రయల్ కోర్టు దోషులంది. ఓనర్లిద్దరికీ ఐపీసీ 304ఎ, అంటే నిర్లక్ష్యంతో ప్రాణం పోగొట్టడం, దాని కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు వేసింది. 2008 డిసెంబరులో హైకోర్టు దాన్ని ఏడాదికి తగ్గించింది. 2014 మార్చి 5న సుప్రీంకోర్టు నేరం ఖాయమంది.

నా క్లయింటు మాటలకి జవాబు ఆ తీర్పులోనే ఉంది.

"మంట నేను పెడ్తనా" అన్నదే ఉపహార్‌లో ప్రధాన డిఫెన్సు. 304ఎ కింద శిక్ష వేయాలంటే నిందితుడి నిర్లక్ష్యమే చావుకి నేరుగా కారణం కావాలి, మధ్యలో ఇంకొకరి తప్పు దూరితే కుదరదు. దీనికి 1965 నాటి కుర్బాన్ హుస్సేన్ తీర్పు గట్టి ఆధారం. అందులో రంగుల ఫ్యాక్టరీ నడిపినవాడు లైసెన్సు షరతులు తప్పాడు, మంటలు లేచి కార్మికులు చనిపోయారు, అయినా మంటకి నేరు కారణం ఇంకో పనివాడి తొందరపాటని సుప్రీంకోర్టు 304ఎ కొట్టేసింది. ఉపహార్ లాయర్లు ఇదే పట్టుకున్నారు: కేబుల్ బిగించింది బోర్డు, మేం కాదు. వాదనగా చూస్తే బలమైనదే, ఆ స్థానంలో నేనున్నా అదే వాదించేవాణ్ణి. సుప్రీంకోర్టు ప్రశ్ననే మార్చేసింది. మంట ఎందుకు వచ్చింది అని కాక, ఈ మనుషులు ఎందుకు చనిపోయారు అని అడిగింది. మంట వచ్చినా దారులు తెరిచి ఉంటే బతికేవారు. కుర్బాన్ హుస్సేన్ కేసులో బయటికి పోయే దారి మూశారన్న మాటే లేదు, ఇక్కడ కేసంతా దాని మీదే. కాబట్టి చావుకి నేరు కారణం మూసిన దారి.

భవనాల కేసులు చూసే ఏ లాయరైనా ఈ ఒక్క మలుపు గుర్తుపెట్టుకోవాలి. మీ మెట్లు మూసి ఉంటే, మీ పక్కింటివాడు పెట్టిన మంటకి కూడా మీరు జవాబు చెప్పాల్సి రావచ్చు.

"ఎన్‌ఓసీ ఉంది" అన్నదీ అంతే. ఉపహార్ దగ్గర ఎన్ని కాగితాలున్నాయో పైన చెప్పాను. అధికారి సంతకం పెట్టినంత మాత్రాన టిక్కెట్టు అమ్మి లోపల కూర్చోబెట్టినవాడి బాధ్యత పోదని కోర్టు తేల్చింది. లోపాలున్నా ఎన్‌ఓసీ పని నడిపించిన అగ్నిమాపక శాఖ అధికారి కూడా అదే కేసులో దోషిగా తేలాడు. కాగితం ఓనరుని కాపాడలేదు సరికదా, దాని మీద సంతకం పెట్టినాయన్నీ లాగింది.

ఇక డైరెక్టర్‌గా దిగిపోవడం. ఈ భాగం నాకు భలే ఇష్టం, కొంచెం డిటెక్టివ్ కథలా ఉంటుంది. అన్సల్ సోదరులు 1988లోనే డైరెక్టర్ పదవులకి రాజీనామా చేశామన్నారు, 1997లో హాలుతో తమకేం సంబంధం అన్నారు. ప్రాసిక్యూషన్ వాళ్ల రాజీనామా లేఖల జోలికి పోలేదు, ఇతర కాగితాలు తెచ్చింది. రాజీనామా తర్వాత కూడా లైసెన్సు కాగితాల మీద సుశీల్ అన్సల్ పేరు ఉంది, కంపెనీ ఖాతా చెక్కుల మీద సంతకాలున్నాయి. 1997 మొదటి నెలల్లో జరిగిన మీటింగుల మినిట్స్‌లో, ఎండీ అనుమతి లేకుండా హాల్లో ఒక్క మేకు కూడా కొట్టకూడదని రాసి ఉంది. ఆ ఎండీ గోపాల్ అన్సల్. పెత్తనం చూపించడానికి ఏ గుమాస్తా టైపు చేశాడో గానీ ఆ మేకు వాక్యం ఓనరుకే దిగింది. మేకు కొట్టడానికి ఎవరి అనుమతి కావాలో, మూసిన తలుపు తెరిపించే బాధ్యతా వాళ్లదే. కంపెనీ రిజిస్ట్రార్ దగ్గర ఫారం వేసేస్తే పోయేది కాదు, అసలు పెత్తనం ఎవరిదన్నదే కోర్టు చూస్తుంది.

శిక్ష సంగతికొస్తే నాకు కోపం వస్తుంది, దాచను. 2014లో ఇద్దరు జడ్జిలూ నేరం విషయంలో ఏకమయ్యారు, శిక్ష దగ్గర విడిపోయారు. ఒకరు ఏడాది చాలన్నారు, ఇంకొకరు రెండేళ్లకి పెంచి, పెంచిన జైలు బదులు భారీ మొత్తం కట్టించాలన్నారు. 2015 ఆగస్టు 19న ముగ్గురు జడ్జిల బెంచ్ తలా 30 కోట్లు, మొత్తం 60 కోట్లు కట్టమంది, దాంతో మిగిలిన జైలు పోయింది. 2017 ఫిబ్రవరి 9న రివ్యూలో, ఇద్దరు ఒకవైపు ఒకరు ఒకవైపు, గోపాల్ అన్సల్ ఏడాదిలో మిగిలింది జైల్లో గడపాలన్నారు, సుశీల్ అన్సల్‌ని వయసు చూసి వదిలేశారు. 2020లో క్యూరేటివ్ పిటిషన్, అంటే రివ్యూ తర్వాత మిగిలే ఆఖరి పిటిషన్, అది కూడా కొట్టేయడంతో అది ముగిసింది. 304 రెండో భాగం కింద, అంటే చావు వస్తుందని తెలిసీ చేశారన్న నేరం కింద, శిక్షించమని బాధితులు అడిగారు, కోర్టు ఒప్పుకోలేదు. ఈ పోరాటం నడిపింది నీలం, శేఖర్ కృష్ణమూర్తి దంపతులు. వాళ్ల ఇద్దరు పిల్లలూ, 17 ఏళ్ల ఉన్నతి, 13 ఏళ్ల ఉజ్వల్, ఆ బాల్కనీలోనే పోయారు.

పరిహారం కేసు వేరే దారిలో నడిచింది. 2003లో ఢిల్లీ హైకోర్టు 20 ఏళ్లు దాటిన మృతుల కుటుంబాలకి 18 లక్షలు, అంతకంటే చిన్నవాళ్లకి 15 లక్షలు, గాయపడిన ప్రతి ఒక్కరికీ లక్ష చొప్పున ఇవ్వమంది. ఇవి కాక 52 అదనపు సీట్ల మీద ఏళ్ల తరబడి వచ్చిన ఆదాయం లెక్కగట్టి రెండున్నర కోట్లు దండనగా వేసింది. 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు వాటిని 10 లక్షలకి, ఏడున్నర లక్షలకి, దండనని 25 లక్షలకి దించింది. కానీ పంపకంలో ఓనరు వాటా 55 శాతం నుంచి 85కి పెరిగింది, మిగిలిన 15 విద్యుత్ బోర్డుది. మున్సిపాలిటీని, లైసెన్సింగ్ అధికారులని బాధ్యత నుంచి తప్పించింది. "అధికారులే కదా అనుమతిచ్చింది, వాళ్లూ కడతారులే" అనుకునే ఓనర్లకి ఈ శాతాలు రెండుసార్లు చదివి వినిపిస్తాను.

ఇంకో ముక్క ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. విచారణ నడుస్తుండగా కోర్టు రికార్డులోనే కాగితాలు చిరిగాయి, కొన్నిటి మీద సిరా పడింది, కొన్ని మాయమయ్యాయి. పోయినవాటిలో ఆ మీటింగు మినిట్స్, చెక్కులు ఉన్నాయి. కోర్టు గుమాస్తాతో కలిసి చేయించారని వేరే కేసు నడిచి, 2021 నవంబరు 8న అన్సల్ సోదరులకి ఏడేళ్ల జైలు, తలా రెండుంపావు కోట్ల జరిమానా పడింది. 59 చావులకి గరిష్ఠం రెండేళ్లు, కాగితాలు చింపినందుకు ఏడేళ్లు. 2022 జూలైలో అప్పీలు కోర్టు అప్పటికే గడిపిన జైలు చాలంది, అది వేరే సంగతి.

ఇదంతా పాత చట్టం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 304ఎ స్థానంలో 106(1) వచ్చింది, గరిష్ఠం రెండేళ్లు కాదు, ఐదేళ్లు. అది ఇప్పటికీ బెయిలబుల్ సెక్షనే. కానీ జనం ఎక్కువ మంది పోయిన కేసులో పోలీసులు 106 దగ్గర ఆగుతారని అనుకోకండి. పాత 304 స్థానంలో వచ్చిన 105 జతచేస్తే నాన్ బెయిలబుల్, తెలిసి చేశారని తేలితే పదేళ్ల దాకా, కేసు సెషన్స్ కోర్టులో. చివరికి 105 నిలబడుతుందా లేదా అన్నది ఏళ్ల తర్వాత తేలే విషయం, ఓనరు జైలుకి పోయేది మాత్రం మొదటి వారంలో.

మన దగ్గర 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం తెలంగాణలో, ఆంధ్రలో రెండుచోట్లా ఉంది. 15 మీటర్లు దాటిన కమర్షియల్ భవనాలకి, 18 మీటర్లు దాటిన నివాస భవనాలకి, ఫంక్షన్ హాళ్లు, బళ్లు, సినిమా హాళ్ల లాంటి జనం చేరే చోట్లకయితే ఇంకా తక్కువ ఎత్తుకే ఎన్‌ఓసీ కావాలి. దీనివల్ల ఒక చెడ్డ అలవాటు వచ్చింది: ఎత్తు పద్నాలుగున్నర మీటర్ల దగ్గర ఆపేసి, నిబంధన మనకి వర్తించదని ఊపిరి పీల్చుకోవడం. వర్తించేది ఎన్‌ఓసీ నిబంధన ఒక్కటేనా? 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో సెల్లార్‌లోని ఎలక్ట్రిక్ బైకుల షోరూం అంటుకుని పైన లాడ్జిలో ఉన్న 8 మంది చనిపోయారు. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు, అందరూ పాతికేళ్లు అటూఇటూ పిల్లలే, ఊపిరాడక పోయారు. మంట ఒకచోట, చావు ఇంకోచోట, మధ్యలో మెట్లు.

క్లయింటుకి ఇదంతా చెప్పాక ఓ ఫైర్ కన్సల్టెంట్‌ని తెచ్చి హాలు కొలిపిద్దామన్నాను. సరే అన్నాడు, కాసేపు ఆగి, "ఆయన్ని రాసియ్యొద్దని చెప్పండి సార్, నోటితో చెప్తే చాలు" అన్నాడు. తెలివైనవాడే. లాయరుగా నేను ఇచ్చే సలహాని చట్టం గోప్యంగా ఉంచుతుంది, కన్సల్టెంట్ రిపోర్టుకి ఆ రక్షణ లేదు. రేపు ఏదైనా జరిగితే ఆ కాగితమే ఆయనకి ముందే తెలుసని చెప్తుంది. అదే ఆయనకి చెప్పాను, అందుకే రాయించమన్నాను కూడా. రాసిన రిపోర్టు, దాని కింద పని చేయించిన బిల్లు, ఈ రెండూ కలిసి ఉంటే అంతకంటే మంచి డిఫెన్సు నా దగ్గర లేదు. రిపోర్టు ఉండి బిల్లు లేకపోతే నేను కూడా పెద్దగా చేయగలిగింది లేదు.

పది రోజులకి రిపోర్టు వచ్చింది, మొదటి పేజీ మొదటి లైను వెనక మెట్ల గురించే. ఆ సాయంత్రం ఫోను చేశాడు. షట్టరు గ్యాస్ కట్టర్‌తో కోయించేశాడట, ఫొటో కూడా పంపాడు. ఫొటోలో చౌకట్టు ఖాళీగా ఉంది, దాని వెనక ఎర్ర కుర్చీలు అలాగే ఉన్నాయి.

"వాటిని ఎక్కడ పెట్టాలె సార్? నాలుగు వందలున్నయి."

ముందువైపు మెట్ల కింద మాత్రం వద్దన్నాను.